సంఖ్యకు యజమాని వుంటాడా?

2024 అక్టోబరులో ఒక సంఖ్య ప్రపంచ పత్రికల కెక్కింది. రెండును 13,62,79,841 సార్లు వేసి గుణించి, వచ్చినదానిలోంచి ఒకటి తీసివేస్తే మిగిలేది ఆ సంఖ్య. దానిలో 4,10,24,320 అంకెలున్నాయి. పుటకు రెండువేల అంకెల చొప్పున అచ్చువేస్తే ఇరవైవేల పుటలు దాటుతుంది. ఇంత పెద్ద సంఖ్యా ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగించబడదు. అది ప్రధాన సంఖ్య. అప్పటికి మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకి అదే పెద్దది.

సాహిత్య విమర్శకు, సమాజ సమస్యలకు కేటాయించిన పుటలలో ఈ సంఖ్యతో మనకేమి పని అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. శ్రీకాకుళం జిల్లానుంచి ఏటా వేలాదిమంది కూలికోసం దూరదేశాలకు వలసపోతున్నారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పీడిస్తున్నది. ఇవి వుండగా, నాలుగు కోట్ల అంకెల సంఖ్య విడిపోతుందా, విడిపోదా అని తలబద్దలు కొట్టుకోవడం తిన్నది అరగనివాళ్ళ వేడుక కాదా?

కాదని నా వాదన. పెద్ద ప్రధాన సంఖ్యల చుట్టూ ఈనాడు ఒక నైతిక సమస్య అల్లుకొనివుంది. జ్ఞానం ఎవరిది? దాన్ని దాచుకొనే హక్కు ఎవరికి వుంది, ఎంతవరకు వుంది? ఈ సమస్య నరసన్నపేట బజారులో బడ్డీకొట్టుదాకా వచ్చింది. అందుచేత దీన్ని గణితజ్ఞులకు వదిలిపెట్టి మనం ఊరుకోవడానికి వీల్లేదు.

ముందు విషయాన్ని తేటగా చూద్దాం. నాట్లకు పన్నెండుమంది వస్తే ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఆరుగురు చొప్పున సమానమైన జట్లుగా విడదీయవచ్చు. పదమూడుమంది వస్తే ఏ విధంగానూ కుదరదు. పన్నెండు సంయుక్త సంఖ్య, పదమూడు ప్రధాన సంఖ్య. దీన్నే అభాజ్య సంఖ్య అని కూడా అంటారు. అభాజ్యం అంటే విడదీయరానిది. మాట అర్థంలోనే లక్షణం వుంది.

మన పూర్వుల కొలతలన్నీ సంయుక్త సంఖ్యలమీద నిలిచినవే. కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. 1957లో దశాంశ నాణేలు వచ్చేవరకు రూపాయికి పదహారణాలు. సగం చేసి, మళ్ళీ సగం చేసి పంచుకోవడం జనానికి అవసరం గనుక ఆ లెక్కలు పుట్టాయి. రూపాయికి పదిహేడణాలు పెట్టిన ప్రభుత్వం ఎక్కడైనా వుంటే దాన్ని బజారే తిరస్కరించివుండేది. గణితం ఆకాశంనుంచి ఊడిపడలేదు, పంపకాలలోంచి, కొలతలలోంచి, శ్రమలోంచి పుట్టింది అని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక చిక్కు వుంది. పదిహేడణాల రూపాయిని తిరస్కరించడం మనిషి చేతిలో వుంది. పదిహేడును విడదీయడం మనిషి చేతిలో లేదు. చక్రవర్తి శాసనం వేసినా, పార్లమెంటు చట్టం చేసినా, విప్లవం వచ్చినా పదిహేడు విడిపోదు. ప్రశ్న సమాజంలోంచి పుట్టింది. సమాధానం సమాజం ఇష్టాయిష్టాలకు లొంగలేదు. ఈ రెండు సంగతులనూ కలిపి పట్టుకోలేకనే తత్త్వవేత్తలు రెండు ముఠాలయ్యారు. సంఖ్యలు మనకు అతీతమైన దివ్యలోకంలో వెలుగుతున్నాయని భావవాదులన్నారు. అవి వట్టి ఆచారాలేనని, మనం పెట్టుకున్న ఆట నియమాలేనని మరికొందరన్నారు. మొదటివారు పుట్టుకను మరిచారు, రెండోవారు బలాన్ని మరిచారు. వాగులో రాయి మనం తొక్కినందువల్ల పుట్టలేదు, కాని వాగు దాటవలసిన అవసరం వున్నవాడికే అది కాలికి తగులుతుంది. ప్రధాన సంఖ్య సంగతీ అంతే.

ఆ రాయి ఎంత గట్టిదో గణిత చరిత్రే చెబుతుంది. రెండు ఘాతంలోంచి ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్యలలో ఏవి ప్రధానమో 1644లో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ ఒక పట్టీ ప్రకటించాడు. ఆయన పెద్ద పండితుడు, యూరపు శాస్త్రజ్ఞులందరికీ మిత్రుడు. అయినా పట్టీలో తప్పులు దొర్లాయి. 67, 257 ఘాతాలను పొరపాటున చేర్చాడు, 61, 89, 107 ఘాతాలను వదిలేశాడు. ఆయన పేరుప్రతిష్ఠలు ఆ తప్పులను ఒప్పులు చెయ్యలేదు.

మన దేశంలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ వుంది. ప్రాచీన భారత చరిత్రను మార్క్సిస్టు దృష్టితో తిరగరాసిన డి. డి. కోశాంబి వృత్తిచేత గణితజ్ఞుడు. ప్రధాన సంఖ్యల పంపిణీకి సంబంధించిన రీమన్ ప్రతిపాదనను తాను రుజువు చేశానని 1959లో ఆయన ప్రకటించాడు. ఆ రుజువు నిలవలేదు. ఆయన అభ్యుదయ దృక్పథం చరిత్ర రచనలో ఎంత వెలుగు నిచ్చినా, ఇక్కడ ఒక్క మెట్టుకూడా ఎక్కించలేదు. దీన్ని మనం దాచుకోనక్కరలేదు. మన పక్షంవాడు గనుక లెక్క సరిపోవాలి అనుకొన్ననాడు మనకూ మూఢనమ్మకానికీ తేడా వుండదు. రుజువు ముందు అందరూ సమానులే. అలెగ్జాండ్రియాలో యూక్లిడ్, పారిస్‌లో సన్యాసి, బొంబాయిలో ఆచార్యుడు, నరసన్నపేట హైస్కూలులో తొమ్మిదో తరగతి పిల్ల, అందరికీ అక్కడ ఒకటే పీట. మనిషి నిర్మించిన వ్యవస్థలలో ఇంత ప్రజాస్వామికమైనది మరొకటి అరుదు.

ఆ పిల్లకు యూక్లిడ్ వాదన చెప్పి చూడండి. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని ఆయన సుమారు 2300 ఏళ్ళనాడు నిరూపించాడు. మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలపండి. వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కాబట్టి దాని ప్రధాన కారణాంకం మీ పట్టీలో లేనిది అయితీరాలి. 2, 3, 5, 7, 11, 13లను గుణించి ఒకటి కలిపితే 30,031 వస్తుంది. అది ప్రధానం కాదు, 59ని 509తో గుణిస్తే వచ్చేది. కాని 59, 509 రెండూ మన పట్టీలో లేనివే. వాదన నిలిచింది. ఇందులో గురువు మాట నమ్మవలసిన చోటు ఒక్కటీ లేదు.

ఇక అసలు మలుపు. 67 ఘాతం సంఖ్య, అంటే 14757,39525,89676,412927, ప్రధానం కాదని ఫ్రెంచి గణితజ్ఞుడు ల్యూకా 1876లో తేల్చాడు. కాని దాని కారణాంకాలేవో ఆయన చెప్పలేకపోయాడు. 1903లో అమెరికాలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని పట్టుకొన్నాడు: 19,37,07,721 ఒకటి, 76183,82,57,287 మరొకటి. ఒక సంఖ్య విడిపోతుందని తెలిసిన 27 ఏళ్ళకుగాని అది ఎక్కడ విడిపోతుందో తెలియలేదన్నమాట!

ఇది వింతగా కనిపించవచ్చు. కాని ల్యూకా వేసిన బాట చూస్తే బోధపడుతుంది. ఆ బాటను తర్వాత లేమర్ చక్కచేశాడు. ఐదు ఘాతం సంఖ్య 31 తీసుకోండి. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసివేయాలి: 14. మళ్ళీ వర్గం చేసి రెండు తీసివేస్తే 194, దాన్ని 31తో భాగిస్తే శేషం 8. మళ్ళీ అదే పని చేస్తే 62, దాన్ని 31తో భాగిస్తే శేషం సున్న. ఘాతం ఐదు గనుక దానికి రెండు తక్కువగా మూడు అడుగులు వేశాం. మూడో అడుగున సున్న వచ్చింది. 31 ప్రధానం. సున్న రాకపోతే ప్రధానం కాదు. ఎక్కడా కారణాంకాలను వెతకలేదు. 39 అంకెల 127 ఘాతం సంఖ్య ప్రధానమని ల్యూకా 1876లో తేల్చినదీ, 2024నాటి సంఖ్యను చివరకు నిర్ధారించినదీ ఈ బాటలోనే. తేడా అంతా అడుగుల లెక్కలో, యంత్రాల బలంలో వుంది.

విడిపోతుందో లేదో తెలుసుకోవడం సులువు, ఎక్కడ విడిపోతుందో తెలుసుకోవడం కష్టం. ఈ అసమానతమీదనే నేటి తాళాలు నిలబడివున్నాయి. 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఒక పద్ధతి ప్రకటించారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి లబ్ధాన్ని లోకానికి చెప్పవచ్చు. ఆ లబ్ధంతో ఎవరైనా తాళం వేయగలరు. తీయగలిగినవాడు మాత్రం ఆ రెండు కారణాంకాలూ తెలిసినవాడే. దీనికి నాలుగు కోట్ల అంకెలు అక్కరలేదు, మూడువందల అంకెల ప్రధాన సంఖ్యలు రెండు చాలు. ఆధార్ నమోదులో సేకరించిన వివరాలను 2048 ద్విఅంకెల తాళంతో మూస్తారు. మామూలు అంకెలలో అది 617 అంకెల లబ్ధం. నరసన్నపేట బడ్డీకొట్టులో టీ తాగి ఫోను చూపి డబ్బు కట్టినప్పుడు, ఆ వార్త దారిలో ఎవరూ చదవకుండా కాపాడేదీ ఇటువంటి తాళమే. కొన్నింటికి ఆధారం రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం, మరికొన్నింటికి ఒకే పెద్ద ప్రధాన సంఖ్య చుట్టూ అల్లిన మరో గణితం.

ఇప్పుడు యజమాని రంగప్రవేశం చేస్తాడు. ఆ ముగ్గురి పద్ధతికి 1983లో అమెరికా పేటెంటు వచ్చింది. 2000 వరకు, పదిహేడేళ్ళపాటు, ఆ దేశంలో దాన్ని వాడాలంటే అనుమతి కావాలి. అంతటితో ఆగలేదు. 1994లో రోజర్ ష్లాఫ్లీ అనే ఆయన రెండు ప్రధాన సంఖ్యల వాడకంమీదనే పేటెంటు సంపాదించాడు! 2001లో దీనికి తలకిందుల వేడుక జరిగింది. సినిమా డిస్కుల తాళం విప్పే ఒక కంప్యూటరు రచనను అమెరికా న్యాయస్థానాలు నిషేధిస్తే, ఫిల్ కార్మొడీ అనే ఆయన ఆ రచననే అంకెలుగా మార్చుకొన్న ఒక ప్రధాన సంఖ్యను కనిపెట్టి ప్రకటించాడు. ఒక సంఖ్యను నిషేధించవచ్చునా? నిషేధిస్తే దాని పక్క సంఖ్యకు ఒకటి కలిపినవాణ్ణి ఏమి చేస్తారు? ఆస్తిహక్కు తన హద్దు మరచి ఎక్కడిదాకా నడిచివచ్చిందో ఈ ప్రశ్న తేటతెల్లం చేస్తుంది.

యజమాని ఒక్క కంపెనీ రూపంలోనే రాడు. ఆ ముగ్గురికంటె ముందే, 1973లో, బ్రిటిష్ ప్రభుత్వ గూఢచార శాఖలో పనిచేసే క్లిఫర్డ్ కాక్స్ అదే పద్ధతిని కనిపెట్టాడు. ప్రభుత్వం దాన్ని 1997 వరకు బయటికి పొక్కనివ్వలేదు. ఒకరు దాచారు, ఒకరు అమ్మారు. కాని దాచినవారి గోడ దాటకుండానే అదే సత్యం నాలుగేళ్ళలో మరో ఖండంలో మరో ముగ్గురి చేతికి చిక్కింది. పొలానికి గట్టు వేస్తే పక్కవాడికి ఆ పొలం లేకుండా పోతుంది. సత్యానికి గట్టు వేస్తే పక్కవాడికి అది ఆలస్యమవుతుంది, అంతే. సంఖ్యకు యజమాని వుండడానికి వీల్లేదనడానికి కారణం మన కోరిక కాదు, సంఖ్య స్వభావమే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి వుంది. కనిపెట్టినవాడి శ్రమకు ఫలం అక్కర్లేదా? చేనేతవాడి గుడ్డకు ధర వుండాలంటాం గదా, గణితజ్ఞుడి ఆలోచనకు ఎందుకు వుండకూడదు? తప్పక వుండాలి. కాని జీతం వేరు, గట్టు వేరు. చేనేతవాడు గుడ్డ అమ్ముతాడు, పడుగుపేకల సూత్రాన్ని అమ్మడు. పైగా ఒక్క ఆలోచనలో ఎందరి శ్రమ కలిసివుంటుందో లెక్కించగలవాడెవరు?

ఇందుకు మన ఉత్తరాంధ్రలోనే సాక్ష్యం వుంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన వి. రామస్వామి 1949లో అమెరికన్ గణిత సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఒక సంఖ్యవరకు వున్న పూర్ణసంఖ్యలలో, ఫలానా హద్దుకు మించిన ప్రధాన కారణాంకం లేనివి ఎన్ని? ఇదీ ప్రశ్న. చిన్న ఉదాహరణ: 100 వరకు వున్న సంఖ్యలలో పదిని మించిన ప్రధాన కారణాంకం లేనివి 46. హద్దు ఎప్పుడూ వర్గమూలమే అయితే, సంఖ్యలు పెరిగేకొద్దీ ఈ పాలు తగ్గుతూ నూటికి సుమారు 31 దగ్గర కుదురుకొంటుంది. స్వీడన్‌లో డిక్‌మన్ 1930లో ఈ దారి తొక్కాడు, హాలండులో డి బ్రయిన్ 1951లో దాన్ని ముందుకు తీసుకుపోయాడు. ఈ ఇద్దరి నడుమ రామస్వామిగారు దానికి గట్టి రుజువు కూర్చారు.

1949లో దీనివల్ల ఏమి ప్రయోజనమని అడిగివుంటే ఎవరూ జవాబు చెప్పగలిగేవారు కారు. కాని పెద్ద లబ్ధాలను విడగొట్టే నేటి పద్ధతులు, చిన్న ప్రధాన సంఖ్యలతోనే పూర్తిగా విడిపోయే సంఖ్యలను ఏరి కూర్చడంమీద ఆధారపడ్డాయి. అటువంటివి ఎంత తరచుగా దొరుకుతాయో తెలియనిదే తాళం ఎంత గట్టిదో తెలియదు. 1977లో సవాలుగా ప్రకటించిన 129 అంకెల లబ్ధం కోటానుకోట్ల ఏళ్ళకుగాని విడిపోదన్నారు. 1994లో దేశదేశాలనుంచి సుమారు ఆరువందలమంది స్వచ్ఛందంగా తమ యంత్రాలు కలిపి ఎనిమిది నెలలలో విడగొట్టారు. వాల్తేరు సముద్రతీరాన కాగితంమీద సాగిన ఆలోచన తాళాలు చేసేవారికీ, పరీక్షించేవారికీ తూనికరాయి అయింది. ఆ పేటెంటులో దానికెంత వాటా కట్టారు? ఏమీ లేదు. కట్టాలని నేననడం లేదు. కట్టడం అసాధ్యమనీ, అందుచేత గట్టు వేయడమే అన్యాయమనీ అంటున్నాను.

బ్రిటిష్ గణితజ్ఞుడు హార్డీ 1940లో తన పుస్తకంలో, సంఖ్యాశాస్త్రం దేనికీ పనికిరాదు గనుక యుద్ధానికీ పనికిరాదనీ, అందుచేత అది నిర్దోషమనీ ఊరట చెందాడు. ఆయన శాంతికాముకత గౌరవించదగినదే. కాని నిష్ప్రయోజనం అనేది నీతికి ఆశ్రయం కాదని కాలం తేల్చింది. పనికిరాదనుకున్న శాస్త్రమే సైన్యాలకూ, బ్యాంకులకూ, ప్రభుత్వాలకూ పనికివచ్చింది. శాస్త్రం నిర్దోషంగా వుండడం శాస్త్రం చేతిలో లేదు. ఎవరి చేతిలో పడుతుంది, ఎవరు అదుపులో పెడతారు అనే దానిలో వుంది.

అయితే రహస్యమంతా దోషమేనా? ఇక్కడ జాగ్రత్త కావాలి. వలసపోయిన కొడుకు తల్లికి రాసిన ఉత్తరాన్ని ఊరంతా చదవనక్కరలేదు. కూలివాడి ఖాతాలో ఎంత వుందో షావుకారుకు తెలియనక్కరలేదు. సంఘం పెట్టుకొనే కార్మికుల మాట యజమాని చెవిన పడనక్కరలేదు. బలహీనుడి రహస్యం అతని హక్కు, పెద్ద ప్రధాన సంఖ్య దానికి కావలి కాస్తున్నది. దాచకూడనిది పద్ధతి. తాళపుచెవి తప్ప తక్కినదంతా శత్రువుకు తెలిసినా నిలిచేదే మంచి తాళమని కెర్కాఫ్స్ 1883లోనే చెప్పాడు. చెవి మనిషిది, పద్ధతి లోకానిది. ఈ గీత చెరిగినచోటల్లా అన్యాయం పుడుతుంది.

రేషను డిపో దగ్గర వేలిముద్ర పడని ముసలమ్మను తలుచుకోండి. లోపలి తాళం అభేద్యమైనదే. దానిలో ప్రధాన సంఖ్యల తప్పు ఏమీ లేదు. కాని యంత్రం కాదన్నప్పుడు ఆమె ఎందుకని అడిగితే జవాబు చెప్పే నాథుడు లేడు. గణితం తన ప్రతి మెట్టుకూ ఎందుకో చెబుతుంది. ఆ గణితంతో కట్టిన యంత్రం ఏ మెట్టుకూ చెప్పదు. రుజువు ఇచ్చిన సమానత్వాన్ని యంత్రం వెనక వున్న అధికారం లాగేసుకుంటున్నది. మనం నిలదీయవలసినది ఇక్కడ.

ఆస్తి సంఖ్యనుంచి యంత్రానికి తరలిపోయిందన్నది కూడా గమనించాలి. 2024నాటి ప్రధాన సంఖ్యను కనిపెట్టిన ల్యూక్ డ్యూరాంట్ 17 దేశాలలోని యంత్రశాలల్లో వేలాది గణనయంత్రాలను వినియోగించాడు. ఆ అన్వేషణ 1996లో సామాన్యుల ఇళ్ళలోని కంప్యూటర్ల ఉమ్మడి శ్రమగా మొదలైంది. ఈ మార్పు ఎటు పోతున్నదో చెప్పనక్కరలేదు. అయినా దారి ఒక్కటే లేదు. 2002 ఆగస్టులో కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఏ సంఖ్య అయినా ప్రధానమా కాదా అని నిశ్చయంగా, త్వరితంగా తేల్చే పద్ధతి కనిపెట్టారు. శతాబ్దాలుగా పండితులు వెతుకుతున్నది అది. ఇద్దరు అప్పుడే పట్టా పుచ్చుకొన్న కుర్రవాళ్ళు. వాళ్ళు దాన్ని వెంటనే లోకం ముందు పెట్టారు. గట్టు వేయలేదు. వాళ్ళ గౌరవం తగ్గలేదు.

మరి మన ఉపాధ్యాయులు, విద్యార్థులు చెయ్యవలసినదేమిటి? గణితాన్ని పరీక్షల గండంగా కాక, ఎందుకని అడిగే హక్కుగా చెప్పాలి. జనం మాటలో చెప్పాలి. చదువు జనం భాషలో సాగాలని పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. అది నరసన్నపేటకు దూరం కాదు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు చేసింది అంతకు సుమారు ఎనిమిది శతాబ్దాల ముందు. తెలుగులో లెక్క చెప్పడం మనకు కొత్త విద్య కాదు, మానేసిన విద్య.

తాళం ఎలా పనిచేస్తుందో తెలియనివాడికి తాళం వేసినవాడు దేవుడవుతాడు. తెలిసినవాడికి అతను ఉద్యోగి అవుతాడు, జవాబుదారీ అవుతాడు. పెద్ద ప్రధాన సంఖ్యను ఎవరూ విడదీయలేరు, ఎవరూ సొంతం చేసుకోలేరు. దాన్ని గురించిన జ్ఞానాన్ని మాత్రం ఎంతమందికైనా, ఎవరి వాటా తగ్గకుండా, పూర్తిగా పంచవచ్చు. ఆ పంపకం మన బడులలో జరగాలి.